మదర్‌బోర్డు మార్చకుండానే టీపీఎం చిప్‌ను బాగుచేసిన షాపు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని ఒక చిన్న ల్యాప్‌టాప్ రిపేరు షాపు పనితీరు గురించి ఈ సమీక్ష. మా ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే టీపీఎం చిప్ (డ్రైవ్ తాళం కీలను భద్రంగా దాచే చిప్) కనబడడం లేదన్న హెచ్చరిక వచ్చేది, ఆ వెంటనే బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చి కాపాడే విండోస్ సదుపాయం) 48 అంకెల రికవరీ కీ అడిగేది. అంతకుముందు చూపించిన మరో సర్వీస్ సెంటర్‌లో మూత కూడా విప్పకుండానే మదర్‌బోర్డు మార్చాలని తేల్చేశారు.

ఈ షాపు టెక్నీషియన్ మాత్రం రికవరీ కీ మా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందని నిర్ధారించుకుని, డేటా అంతా బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయించిన తర్వాతే పనిలోకి దిగారు. టీపీఎంను క్లియర్ చేస్తే అందులోని కీలు చెరిగిపోతాయని, రికవరీ కీ చేతిలో లేకుండా ఆ పని చేస్తే ఎన్‌క్రిప్ట్ అయిన డ్రైవ్ ఇక తెరుచుకోదని ఆయన ఓపికగా వివరించిన తీరు నాకు ఎంతో నచ్చింది. డేటా విలువ తెలిసినవారే ఇంత జాగ్రత్త తీసుకుంటారు.

ఛార్జర్ తీసి, వెనుక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్‌ను బోర్డు నుంచి వేరుచేసి, పవర్ బటన్‌ను అర నిమిషం పాటు నొక్కి పట్టుకున్నారు. బోర్డులో మిగిలిన విద్యుత్తు పూర్తిగా పోతే, స్తంభించిన చిప్ చాలాసార్లు మళ్లీ పనిచేయడం మొదలుపెడుతుంది. మాకు అదే జరిగింది. తర్వాత బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశారు. విండోస్ 11కు తప్పనిసరైన టీపీఎం 2.0 ఇప్పుడు సక్రమంగా కనబడుతోంది.

రశీదులో మాత్రం "సర్వీస్ ఛార్జి" అని తప్ప చేసిన పని వివరాలేవీ రాయలేదు, అవి అడిగి రాయించుకోవడం మంచిది.