నేలపట్టు, పులికాట్, కోరింగ: ఏ వేళకు వెళ్తే ఏం కనబడుతుంది

గూడబాతులకు (పెలికాన్లకు) సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు చెరువు పురిటిల్లయితే పులికాట్ సరస్సు వంటిల్లు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేస్తే సగం చూసినట్టే. రెండింటికీ మధ్య కారులో అరగంట దూరం. కాబట్టి ఒకే రోజులో రెండూ పెట్టుకోవాలి: తెల్లవారుజామున నేలపట్టు, మధ్యాహ్నం మూడు దాటాక పులికాట్.

1976లో అభయారణ్యంగా ప్రకటించిన నేలపట్టు చిన్న చోటే. మొత్తం 459 హెక్టార్లలో చెరువు కొంతే, మిగతాదంతా పొడి సతతహరిత అడవి. చూడాల్సిందల్లా చెరువులో మొలకెత్తి, నెలల తరబడి నడుంలోతు నీళ్లలో నిలబడే కడప చెట్లు. వేర్లు నీటిలో నానుతున్నా కుళ్లకుండా బతకగలగడం ఈ చెట్టుకున్న బలం. ఆ నీళ్లే గూళ్లకు కందకం. పిల్లులు, నక్కలు చెట్టు మొదలు దాకా రాలేవు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వాన పడి చెరువు నిండితేనే గూడబాతులు పుల్లలు ఏరడం మొదలుపెడతాయి. వాన తప్పిన ఏడాది గూళ్లు పలచబడతాయి, మధ్యలో నీళ్లు ఇంకిపోతే పక్షులు గుడ్లను వదిలేసి వెళ్లిపోవచ్చు కూడా. అందుకే టికెట్లు తీసేముందు తేదీ కంటే ఆ ఏడాది వాన సంగతి కనుక్కోవడం ముఖ్యం.

బైనాక్యులర్‌తో ఒక్క చెట్టునే పావుగంట చూడండి. నడినెత్తిన గూడబాతులుంటాయి. బరువైన పక్షులు కనుక వాటికి పైనుంచి నేరుగా వాలే చోటు కావాలి. కింది కొమ్మల్లో నీటికాకులు, నైట్ హెరాన్లు, పక్క గుబుర్లలో తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు) గుంపుగా ఉంటాయి. కాపురాలు ఒకే చెట్టు మీదే అయినా ఎవరి అంతస్తు వాళ్లది, ఎవరి మేత వాళ్లది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. ఆ ముక్కుతో అది గుల్ల లోపలి నత్తను కోసి లాగుతుంది. వరిపొలాల్లో నత్తల్ని తినిపెడుతుంది కాబట్టి రైతుకు మంచి నేస్తం.

చెట్ల కింద ఆకుల మీద సున్నం కొట్టినట్టు కనబడేది రెట్ట. అందులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. అది చెరువులో కలిస్తే నాచు పెరుగుతుంది, నాచును తినే సూక్ష్మజీవులు, వాటిని తినే చేపపిల్లలు వరసగా పెరుగుతాయి. ఆ నీరు పొలానికి పారితే ఎరువు ఖర్చు తగ్గుతుందని చుట్టుపక్కల రైతులకు ఎప్పటినుంచో తెలుసు. పక్షుల జోలికి పోకుండా ఊరివాళ్లు కాపాడుకోవడానికి అదీ ఒక కారణమే. అయితే ఇదే రెట్ట మితిమీరితే ఆకులు మాడి కొమ్మలు ఎండుతాయి, గూళ్లకు చోటు తగ్గుతుంది. ఎండిన కొమ్మ కనబడితే తెగులనుకోకండి, ముందు దాని పైన గూళ్లెన్నో లెక్కపెట్టండి.

పక్షి కేంద్రాల దగ్గర తరచూ వినిపించే ఒక మాటను సరిదిద్దాలి. గూడబాతులు సైబీరియా నుంచి రావు. ఇవి దక్షిణాసియా పక్షులే. నీళ్లు, చేపలు ఉన్న చోటును బట్టి మన చెరువుల మధ్యే తిరుగుతాయి. ఎక్కడో ఊరి చెరువు పూడ్చేస్తే ఇక్కడి గూళ్ల మీద దెబ్బ పడేది అందుకే. సైబీరియా కథ చెప్పుకుంటూ కూర్చుంటే ఆ బాధ్యత మన చేతి నుంచి జారిపోతుంది.

8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్ చాలు. 10× అయితే చేతి వణుకు ఎక్కువగా తెలుస్తుంది. ఉదయం ఆరున్నరకల్లా వాచ్ టవర్ ఎక్కితే మేతకు బయల్దేరే వరసలు కనబడతాయి, తొమ్మిది దాటాక గూళ్ల దగ్గర సందడి తగ్గుతుంది. మట్టిరంగు బట్టలు వేసుకోండి. డ్రోన్ ఎగరేయకండి. దానికి బెదిరి తల్లి ఎగిరిపోయిన గూట్లో గుడ్లకు, పసిపిల్లలకు ఎండ నేరుగా తగులుతుంది, కాకులు అదను చూసుకుంటాయి.

పులికాట్‌లో బైనాక్యులర్ సరిపోదు. రాజహంసలు (ఫ్లెమింగోలు) ఫర్లాంగుల దూరంలో ఉంటాయి కనుక ముక్కాలి మీద టెలిస్కోప్ ఉంటేనే ముక్కు కదలిక తెలుస్తుంది. తలను తిరగేసి, కాళ్లతో బురద కలిపి, ముక్కులోని జల్లెడతో నాచును, చిన్న రొయ్యజాతి జీవుల్ని వడకడతాయి. రెక్కల గులాబీ రంగు ఆ మేతలోదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మీదుగా తూర్పుకు సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది. దక్షిణాన ఉన్నవి నల్లటి నీడల్లా కనబడతాయి. నవంబరు వానలకు నీరు లోతెక్కితే రాజహంసలు నిలబడలేక చెదిరిపోతాయి. జనవరి, ఫిబ్రవరిలో లోతు తగ్గాక చేరతాయి. అప్పటికి నేలపట్టులో పిల్లలు పెద్దవై ఉంటాయి. సంక్రాంతి దాటాక నాలుగు వారాలు రెండుచోట్లా మంచి కాలం. జనవరిలో జరిగే ఫ్లెమింగో పండగ పిల్లలకు బాగుంటుంది కానీ, పక్షుల కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజులు తప్పించుకోవాలి.

బసకు సూళ్లూరుపేటే అనువు. మామూలు లాడ్జీలే అయినా తెల్లవారుజామున బయల్దేరాలంటే దగ్గరుండాలి. సౌకర్యం కావాలంటే నెల్లూరు, కానీ నాలుగింటికల్లా లేవాలి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో గదులు దొరకవు, రోడ్డు మీద తనిఖీలూ ఎక్కువే. దొరవారిసత్రంలో ప్యాసింజర్ రైలు ఆగుతుంది, అక్కడినుంచి నేలపట్టు దగ్గరే.

కాకినాడ పక్కన మడ అడవుల కోరింగ సంగతి వేరు. 1978 నాటి ఈ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. ఇక్కడ గడియారం చూసుకుని లాభం లేదు, సముద్రపు పోటు పాట్లు (నీరు ఎక్కడం, తీయడం) చూసుకోవాలి. పాటులో నీరు తీసినప్పుడు చెక్కబాట మీద నడవాలి. తెల్లమడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా పొడుచుకొచ్చిన ఊపిరివేర్లు, బొరియల దగ్గర పీతలు అప్పుడే కనబడతాయి. పీత బొరియ వల్ల గాలాడని బురదలోకి గాలి, నీరు దిగుతాయి. రాలిన మడాకును లోపలికి లాక్కెళ్లి చెట్టుకు ఎరువు చేసేదీ పీతే. చెట్టేమో దానికి నీడా తిండీ. ఈ వేళ్ల మధ్యే రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరిగి సముద్రానికి పోతాయి. పడవ షికారుకు మాత్రం పోటు కావాలి, నీరు తీసేస్తే చిన్న పాయల్లో పడవ బురదలో ఇరుక్కుంటుంది. పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ముందురోజే పట్టిక చూసుకుని పాటుకు నడక, పోటుకు పడవ కుదుర్చుకోండి. ఉదయం పాటు పడే రోజు దొరికితే అదే ఎంచుకోవాలి.

బావురుపిల్లిని (ఫిషింగ్ క్యాట్‌ను) చూపిస్తామనే మాట నమ్మి డబ్బు కట్టకండి. అది రాత్రి తిరిగే జంతువు, పగలు బురదలో పాదముద్ర కనబడితే అదే అదృష్టం. నీటికుక్కలు తెల్లవారుజామున కనబడే అవకాశముంది. కార్తీకంలో, ఆదివారాల్లో జనం గోల ఎక్కువ, మామూలు రోజే మేలు. ఆకులు తుంపకండి. అక్కడున్న తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈ మాట బాట ఎక్కకముందే చెప్పాలి.