చప్పుడు చేయని పాటలు: పదిహేనేళ్లకు పైగా వింటున్న ‘క్వైట్ నైట్స్’

డయానా క్రాల్ ‘క్వైట్ నైట్స్’ సీడీ నేను కొన్నది 2009 వేసవిలో. అప్పటికి మా బాబుకి ఎనిమిది నెలలు. కెనడాలో వాంకూవర్ పక్కనున్న బర్నబీలో సింగిల్ బెడ్రూమ్ అపార్ట్‌మెంట్, పల్చటి గోడలు. వాడు నిద్రపోయాక గిన్నె మీద మూత పెట్టడానికి కూడా భయపడేవాళ్లం. ఆ వేళలో పాట వినాలంటే వాల్యూమ్ ఒకటో గీతో రెండో గీతో దాటకూడదు. అంత తక్కువలో చాలా రికార్డులు నిలబడవు. బేస్ మాయమవుతుంది, గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఇది మాత్రం నిలబడింది. ఆవిడ మాట మాటా తెలిసేది, కింద డబుల్ బేస్ తీగ మోత కూడా అందేది. ఆ ఒక్క కారణంతో రోజూ పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఇష్టం మాత్రం చాలా నిదానంగా వచ్చింది.

తెలియనివాళ్ల కోసం ఇందులో ఏముందో చెప్తాను. క్రాల్ కెనడా ఆవిడ, పియానో వాయిస్తూ పాడే జాజ్ గాయని. ఈ ఆల్బమ్‌లో పాటలు మూడు రకాలు. బ్రాడ్వే నాటకాల నుంచి, పాత సినిమాల నుంచి వచ్చి తరతరాల జాజ్ గాయకులు మళ్లీ మళ్లీ పాడుతున్నవి ఒక రకం. వాటిని స్టాండర్డ్స్ అంటారు. రెండోది బ్రెజిల్ పాటలు, ముఖ్యంగా సంగీతకర్త ఆంతోనియో కార్లోస్ జోబిమ్‌వి. మూడోది మామూలు పాప్: డియోన్ వార్విక్ 1964లో పాడిన ‘వాక్ ఆన్ బై’, చివర బోనస్‌గా బీ జీస్ వాళ్ల 1971 పాట ‘హౌ కెన్ యూ మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్’. వీటన్నిటినీ కలిపి కుట్టిన దారం బొస్సనోవా, బ్రెజిల్‌లో సాంబా నుంచి పుట్టిన మెల్లటి లయ. లాటిన్ అమెరికా సంగీతం అనగానే ట్రంపెట్లు, కాంగా డ్రమ్ములు, కాలు ఆగని డాన్సు ఊహించుకుంటే నిరాశ తప్పదు. ఇందులో అవేవీ లేవు.

మొదటి ఏడాది నాకూ ఇది కొంచెం నిరాశే. అన్నీ ఒకే నడకలా అనిపించేవి. ‘టూ మార్వెలస్ ఫర్ వర్డ్స్’ నాకు అమెరికా గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాడగా తెలుసు, 1956 నాటి రికార్డు, గెంతుతూ వెళ్తుంది. ఇక్కడ అదే పాట వేసవి మధ్యాహ్నం మంచం దిగడానికి బద్ధకించే మనిషిలా ఉంటుంది. ఎందుకిలా నీరసంగా చేశారు అనుకునేదాన్ని.

ఆ అభిప్రాయం మార్చింది మా అమ్మ. 2012లో ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి తెనాలి నుంచి వచ్చింది. ఘంటసాల, సుశీల గొంతులతో పెరిగిన చెవి ఆవిడది. పాటంటే గొంతు విప్పి పాడాలి. మొదటిసారి విని, “ఏమే, ఈ అమ్మాయికి జలుబు చేసిందా? అలా గొంతు దాచుకుని పాడుతుందేంటి?” అంది. ఆపబోతే వద్దంది. నెల తిరిగేసరికి తోటకూర ఒలుచుకుంటూ కూర్చుని, “ఆ మెల్లగా పాడే అమ్మాయిని పెట్టవే” అని తనే అడగడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు గీతాల దాకా సంగీతం నేర్చుకుంది, తొడ మీద తాళం వేసుకోకుండా ఏదీ వినదు. ఒకరోజు ‘వాక్ ఆన్ బై’ నడుస్తుంటే చెయ్యి ఆపి, “తాళం వెళ్లిపోతోంది, ఈవిడ వెనకాల నింపాదిగా వస్తోంది. అయినా చివరికి సరిగ్గా అందుకుంటోంది చూడు. మన అనాగతం లాంటిదే” అంది.

మూడేళ్లు విన్నా నేను పట్టుకోలేనిది అదే. తాళం మొదలయ్యాక కాస్త ఆగి పాట ఎత్తుకోవడాన్ని మన సంగీతంలో అనాగతం అంటారు. అందులో పాట ఎక్కడ ఎత్తుకోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది, ఇక్కడ అలా కాదు. ఒక లైనులో కాస్త ఆలస్యం, తర్వాతి లైనులో ఇంకాస్త, ఆ తర్వాత ఒక్కసారిగా రెండు మాటలు గబుక్కున చెప్పేసి తాళంలో కలిసిపోతుంది. అప్పటినుంచి ఆ ఆలస్యాల కోసమే విన్నాను. ‘వాక్ ఆన్ బై’ మాటల్లో ఉన్నది ఒకటే ప్రాధేయపాటు: వీధిలో నేను కనిపించి, నాకు ఏడుపు వస్తే, చూడనట్టు వెళ్లిపో. వార్విక్ పాటలో ఆ బాధ వెంటనే తెలుస్తుంది. క్రాల్ పాడితే, కన్నీళ్లు ఆపుకోవడానికి ప్రతి మాట ముందూ ఒక క్షణం తీసుకుంటున్నట్టు ఉంటుంది. కింద లయ మాత్రం ఏమీ జరగనట్టు తన దారిన తాను సాగిపోతూ ఉంటుంది. నా దృష్టిలో ఆల్బమ్ మొత్తానికి ఇదే గొప్ప పాట, పాప్ పాట అయినా సరే.

బొస్సనోవా ఎందుకింత మెల్లగా ఉంటుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. 1950ల చివర్లో బ్రెజిల్‌లోని రియో నగరపు కుర్రాళ్లు చాలామంది దీన్ని వాయించుకున్నది అపార్ట్‌మెంట్లలో. అక్కడి కోపకబానా పేటలో నారా లియావ్ అనే అమ్మాయి ఇంట్లో వాళ్లు పోగయ్యేవారు. గాయకుడు, గిటారిస్టు జువావ్ జిల్బెర్తో సాంబాలోని డప్పుల పనంతా ఒక్క గిటారు మీదకి తెచ్చాడు. బొటనవేలు పెద్ద డప్పులా నిలకడగా కొడుతుంది, మిగతా వేళ్లు చిన్న డప్పులా అటూ ఇటూ తప్పుకుంటూ పడతాయి. ఆ గిటారు మీద, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నంత స్వరంలో పాడాడు. పక్కవాటా వాళ్లకు వినపడని పాట. మా ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి ఇది ఎందుకు ఇమిడిందో అప్పుడు అర్థమైంది.

క్రాల్ రికార్డులో ఆ గిటారు ఆంథనీ విల్సన్‌ది, బేస్ జాన్ క్లేటన్, డ్రమ్స్ జెఫ్ హామిల్టన్. పెర్కషన్ పౌలీన్యో ద కోస్తా, మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’లో వాయించిన బ్రెజిల్ ఆయనే. అంతటి చెయ్యి ఉండి ఇక్కడ ఎంత తక్కువ వాయించాడో గమనించండి. డ్రమ్ముల మీద కర్రల బదులు వాడే హామిల్టన్ బ్రష్షులు కూడా అంతే, ఎవరో చీపురుతో వరండా ఊడుస్తున్న చప్పుడులా వస్తాయి.

అసలు పెద్దమనిషి మాత్రం క్లాస్ ఓగర్‌మాన్. స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల బృందం, ఎక్కడ ఏం వాయించాలో రాసిందంతా ఆయనే. 1963లో అమెరికాలో జోబిమ్ తొలి ఆల్బమ్‌కి వయొలిన్లు రాసింది ఆయన. 1967లో సినాట్రా, జోబిమ్ కలిసి పాడినప్పుడు రాసిందీ, 1977లో జిల్బెర్తో ‘అమొరోసో’కి రాసిందీ ఆయనే. 1930లో పుట్టిన మనిషి, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో మళ్లీ అదే పనికి కూర్చున్నాడు. ఈ ఆల్బమ్ టైటిల్ పాటకి ఆయనకు గ్రామీ వచ్చింది. ఆయన వయొలిన్లు గొంతు మీద పడవు. ఆవిడ లైను ముగించాక వస్తాయి, ఒక పొడవాటి స్వరం పట్టుకుంటాయి, వెళ్లిపోతాయి. ఎక్కడ రావాలో కన్నా ఎక్కడ ఆగాలో ఆయనకి బాగా తెలుసు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ‘యూ ఆర్ మై థ్రిల్’ వింటే ఇది బాగా తెలుస్తుంది. అందులో బొస్సా లయ కూడా లేదు, వయొలిన్ల కింద చీకటిగా, కొంచెం భయంగా ఉంటుంది.

టైటిల్ పాట జోబిమ్ ‘కోర్కోవాదో’కి ఇంగ్లీషు రూపం. కిటికీలోంచి కనిపించే కొండ, ఒక గిటారు, ప్రేమించిన మనిషి, అంతే పాట. మొదటి పాట ‘వేర్ ఆర్ వెన్’ 1937 నాటిది. మనం ఇంతకుముందు ఇలాగే నిలబడి మాట్లాడుకున్నట్టుంది, ఎక్కడో ఎప్పుడో గుర్తులేదు అంటుంది. పూర్వజన్మ వాసన అనే మాట తెలిసిన మనకు దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

బాగోలేనివీ చెప్పాలి. ‘ది బాయ్ ఫ్రమ్ ఇపనేమా’ నాకు ఎప్పుడూ ఎక్కలేదు. అసలు పాట ‘ది గర్ల్ ఫ్రమ్ ఇపనేమా’లోని అమ్మాయిని అబ్బాయిగా మార్చినందుకు కాదు, ప్రపంచమంతా విన్న ఆ పాటలో ఆవిడ కొత్తగా పట్టుకున్నది నాకేమీ కనిపించలేదు. ‘సో నైస్’ కూడా తియ్యగా వచ్చి తియ్యగా పోతుంది. ‘ఎస్తె సెవ్ ఓల్యార్’ పోర్చుగీసులోనే పాడింది. నాకు ఆ భాష రాదు గానీ, తడి నేల మీద జాగ్రత్తగా అడుగులు వేస్తున్నట్టు వినిపిస్తుంది, మిగతా పాటల్లోని ధీమా అక్కడ లేదు. పియానో ఇంకొంచెం ఉండాల్సింది అనేది నా పెద్ద ఫిర్యాదు. పొదుపుగా నాలుగు స్వరాలు వాయించి ఆపేస్తుంది, ఆ నాలుగూ ఎంత బాగుంటాయంటే మనసు అక్కడే ఉండిపోతుంది. వేగం విషయంలో నా మొదటి అభిప్రాయం పూర్తిగా తప్పు కాదు. పగలు హైవే మీద దీన్ని పెట్టను, నిద్ర వస్తుంది. ఓగర్‌మాన్‌తోనే 2001లో చేసిన ‘ది లుక్ ఆఫ్ లవ్’లో రంగులు ఎక్కువ. క్రాల్‌ని కొత్తగా వినేవాళ్లు దానితో మొదలుపెట్టడమే మంచిది.

క్రాల్ పుట్టిన ఊరు ననైమో మాకు దగ్గరే. హార్స్‌షూ బే నుంచి ఫెర్రీలో గంటా నలభై నిమిషాలు. ఊరి మధ్య లైబ్రరీ దగ్గర ఆవిడ పేరుతో ఒక చిన్న ప్లాజా ఉంది. ఒక నవంబరులో వెళ్లాం. పైన బూడిదరంగు ఆకాశం, కింద బూడిదరంగు నీళ్లు, సన్నటి వాన. ఫెర్రీలో కిటికీ పక్కన కూర్చుని ఇయర్‌ఫోన్లలో ఇదే విన్నాను. రియో నేను చూడలేదు. వీటిని సముద్రపు ఎండ పాటలు అంటారు గానీ నాకు ఇవి వాన పాటలు, పొద్దున్నే లైటు వేసుకోవాల్సిన ఊళ్ల పాటలు. ఆ గొంతులోని మసక ఇక్కడిదే అని నాకు గట్టి నమ్మకం.

నా మొదటి సీడీ ఇల్లు మారినప్పుడు గీతలు పడి ఆరో పాట దగ్గర ఎగరడం మొదలుపెట్టింది, సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి కొన్నాను. ఫోన్లోనూ ఉంది, తేడా పెద్దగా లేదు. సౌండ్ ఇంజనీర్ ఆల్ ష్మిట్ రికార్డు చేసిన తీరుకి మామూలు స్పీకర్లు చాలు. కొనేవాళ్లు బోనస్ పాటలున్న కాపీ చూసి తీసుకోండి, బీ జీస్ పాట వదులుకోవద్దు. మొదటిసారి రాత్రి పూట వినండి, ఇంట్లో వాళ్లు పడుకున్నాక. మాటలు అర్థమయ్యే దాకా మాత్రమే వాల్యూమ్ పెంచి, అక్కడ ఆపేయండి.