భూదాన్ పోచంపల్లిలో ఒక పగలు

ఏ ఊరికి బయలుదేరినా ముందు ఆ ఊరి లెక్కలు ఒకసారి తిరగేయడం నాకు అలవాటు. భూదాన్ పోచంపల్లి విషయంలో ఆ అలవాటే నన్ను మొదట తికమక పెట్టింది. 2011 జనాభా లెక్కల్లో ఈ ఊరి వివరాలు కావాలంటే నల్లగొండ జిల్లా పుస్తకంలో వెతకాలి. ఊరేమో 2016 అక్టోబరు 11 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 2018లో ఇది పురపాలక సంఘం కాగా, మరో మూడేళ్లకు, 2021 డిసెంబరులో, ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దీనిని ఉత్తమ పర్యాటక గ్రామంగా ప్రకటించింది. మున్సిపాలిటీని గ్రామమని ఎలా అన్నారన్న సందేహం ఆ సంస్థ నిబంధన చూశాక తీరింది. జనసాంద్రత తక్కువగా ఉండి, జనాభా 15,000 మించకుండా, సంప్రదాయ వృత్తులు సాగుతున్న ఊరేదైనా వారి దృష్టిలో గ్రామమే. ఆ ఏడాది 32 దేశాల నుంచి ఎంపికైన 44 గ్రామాల్లో మన దేశానికి దక్కిన చోటు ఇదొక్కటే.

మా పిన్నితో కలిసి ఒక మంగళవారం ఉదయం హైదరాబాదు నుంచి కారులో బయలుదేరాను. విజయవాడ రహదారి మీద రామోజీ ఫిల్మ్ సిటీ దాటాక ఎడమకు మళ్లితే, ఇరువైపులా పొలాల మధ్య నుంచి సాగే దారి పోచంపల్లి చేరుస్తుంది. మొత్తం ప్రయాణం 50 కిలోమీటర్ల లోపే. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు కాబట్టి రైలులో రావాలనుకునేవారు బీబీనగర్‌లో దిగి మళ్లీ రోడ్డు పట్టాలి. ఊరు చూడడానికి నడక చాలు గానీ, చుట్టుపక్కల ప్రదేశాలు కూడా కలుపుకోవాలంటే సొంత వాహనం ఉండడమే సుఖం.

ముందుగా వినోబా మందిరానికి వెళ్లాము. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని పాదయాత్రగా వచ్చిన వినోబా భావే 1951 ఏప్రిల్ 18న ఇక్కడ ఆగినప్పుడు, భూమి లేని దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడగగా, ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని అక్కడికక్కడే ముందుకు వచ్చారు. ఊరి పేరుకు ముందు భూదాన్ చేరడానికి కారణం అదే. మందిరం చిన్నది, అరగంటలో చూడడం అయిపోతుంది. అయితే చరిత్ర తెలియకుండా వచ్చినవారికి అక్కడ పెద్దగా అర్థమయ్యేది ఉండదు కనుక నాలుగు పేజీలైనా చదువుకుని రావడం మంచిది.

మేము ఎక్కువసేపు గడిపింది నేతగాళ్ల వీధుల్లోనే. ఒక ఇంటి వసారాలో ఆసు యంత్రం ఆడుతోంది. నేతకు ముందు నూలును అర్ధచంద్రాకారంలో పాతిన మేకుల చుట్టూ లెక్క తప్పకుండా పోయడాన్ని ఆసు పోయడం అంటారు. చేతితో పోస్తే ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. తల్లి పడే బాధ చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. "మిషన్ వచ్చినంక మా అత్తమ్మ భుజం నొప్పి అనుడు బంద్ చేసింది" అని ఆ ఇంటావిడ నవ్వుతూ చెప్పింది. ఆసు పోసిన నూలుపై గీతలు గీసి, రంగు అంటకూడని చోటల్లా సన్నని రబ్బరు పట్టీలు బిగించి చుడతారు. రంగులో ముంచి తీసి, ఆరాక కట్లు విప్పి, మరో రంగుకు మళ్లీ కట్టడం మొదలుపెడతారు. ఇక్కత్ అని కూడా పిలిచే చిటికి పద్ధతి ఇదే. గుంట మగ్గం మీద పోగు పోగునూ సరిచేసుకుంటూ కూర్చున్న పెద్దాయనను పలకరించడానికి కూడా మాకు మొహమాటం వేసింది. పని జరుగుతున్న ఇళ్లలోకి అడిగి వెళ్లాలి, ఫొటోకు అనుమతి తీసుకోవాలి. ఇది ప్రదర్శనశాల కాదన్న స్పృహ సందర్శకులకు ఉండాలి.

రాత్రి బసకు భువనగిరి వెళ్లాము. పోచంపల్లిలోనూ పర్యాటక శాఖ గ్రామీణ కేంద్రం ఉంది గానీ, మరునాడు తెల్లవారకముందే కోట ఎక్కాలని మా ఆలోచన. మేము దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. ఫోనులో ఉదయం ఐదుకే వేడినీళ్లు వస్తాయన్నారు, ఎనిమిది దాటినా రాలేదు. అడిగితే ఎవరికి వారు తమ డ్యూటీ కాదన్నారు. పక్కనే యాదగిరిగుట్ట ఉండడం వల్ల శని, ఆదివారాల్లో ఈ ప్రాంతంలో గదులకు గిరాకీ ఎక్కువ. పిన్ని మోకాళ్ల దృష్ట్యా కోట నేనొక్కడినే ఎక్కాను. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన ఈ కోట 500 అడుగులకు పైబడిన ఏకశిల మీద ఉంది. ఎండ ముదిరాక ఆ రాతి మీద అడుగు వేయడం కష్టం.

దిగివచ్చేసరికి పిన్ని మళ్లీ పోచంపల్లి పోదామంది. ముందురోజు నచ్చిన చీర కోసమట. ఈసారి దుకాణంలో ఆమె చీరను తిరగేసి వెనుకవైపు చూసింది. నూలుకే రంగు వేసి నేసిన చిటికి బట్టకు రెండు వైపులా రంగు ఒకే చిక్కదనంతో ఉంటుంది, పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. బట్ట నేశాక డిజైన్ అచ్చు వేస్తే అంచులు గీత గీసినట్టు ఉండి, వెనుకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. పిన్ని చేతిలోకి తీసుకున్న మొదటి రెండూ అచ్చు వేసినవే. మూడోది తీసుకుంది.