స్పీడ్ బోటు అనే మాట: 14 ఏళ్లు వాడాక

నా దగ్గర స్పీడ్ బోటు లేదు, కొనే స్తోమతా లేదు. నేను వాడింది ఆ మాటని. విశాఖలో ఒక దినపత్రిక డెస్కులో 14 ఏళ్లుగా ఇంగ్లిష్ వార్తలు తెలుగు చేస్తున్నాను. సముద్రం పక్క ఊరు కదా, ఏదో ఒక బోటు మునిగిందనో, పట్టుబడిందనో, దారి తప్పిందనో కాపీ వస్తూనే ఉంటుంది. అందులో సగం సార్లు ఈ మాటే చేతికి తగులుతుంది.

సుఖమైన మాటే. విడమరిచి చెప్పే పని లేదు. రుషికొండ బీచ్‌లో టికెట్ కోసం నిలబడ్డ పిల్లాడికీ తెలుసు, వాణ్ణి వద్దని లాగుతున్న అమ్మమ్మకీ తెలుసు. నేను చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన పట్టుబట్టి ‘వేగనౌక’ అని రాయించేవారు. నౌక అనగానే మా ఊరివాళ్ల కళ్ల ముందు పోర్టు బయట లంగరేసిన ఓడ నిలబడుతుంది. ఆయన రిటైరైన నెలకే ఆ మాట కూడా రిటైరైంది. ‘మరపడవ’ నాకిష్టం, కానీ ఇంజన్ ఉన్న ప్రతిదీ మరపడవే, వేగం సంగతి అందులో లేదు.

ఇక దెబ్బతిన్న కథ. ఆరేళ్ల కిందట వేటకెళ్లిన ఫైబర్ బోటు ఒకటి అలకి తిరగబడింది. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు, ఒకరు రాలేదు. ఇంగ్లిష్ కాపీలో మోటార్‌బోటు అని ఉంది. నేను ‘స్పీడ్ బోటు బోల్తా’ అని హెడ్డింగు పెట్టి, ప్రాస కుదిరిందని మురిసిపోయాను కూడా. మర్నాడు పెదజాలరిపేట నుంచి ఒక పెద్దాయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. గొంతు పెంచలేదు.

“ఏటి బాబూ, మావోళ్లు సికారుకెల్లారేటి? తొమ్మిది పాయింట్ తొమ్మిది ఇంజనది. వల, ఐసు ఎక్కించాక అదెంత స్పీడెల్తాది?”

ఆయన చెప్పిన అంకె ఇంజన్ హార్స్‌పవర్. కుర్రాళ్లు జోరుగా తోలి బోల్తా కొట్టించారని వీధంతా అనుకుంటోందట. లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేశాం. హెడ్డింగు చదివినంత మంది దాన్ని చదివి ఉండరు.

ఆ తర్వాతే కుదురుగా కూర్చుని తెలుసుకున్నాను. ఇంగ్లిష్‌లో మోటార్‌బోటు అంటే ఇంజన్‌తో నడిచే చిన్న పడవ ఏదైనా సరే. స్పీడ్‌బోటు అంటే మొదటినుంచీ పరుగు కోసమే కట్టింది. మామూలు పడవ నీళ్లని తోసుకుంటూ పోతుంది, కొంత వేగానికి తను లేపిన అలలోనే ఇరుక్కుంటుంది. నీటిమట్టం దగ్గర 25 అడుగుల పొడవుంటే ఆ హద్దు సుమారు 6.7 నాట్లు, అంటే గంటకి 12 కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని దాటాలంటే పడవ ఆ అల మీదికెక్కి నీటిపైన జారాలి. అందుకు అడుగుభాగం తీరు వేరేగా ఉండాలి, బరువు తగ్గాలి, ఇంజన్‌కి సత్తువ ఉండాలి. రుషికొండలో ఎక్కినవాళ్లకి ఇది నడుముతో తెలుస్తుంది. ముందు ముక్కు లేచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు, ఉన్నట్టుండి బోటు చదునవుతుంది, అక్కణ్ణుంచి అలల మీద దడదడ. వల, ఐసు, ముగ్గురు మనుషులతో వెళ్లే తొమ్మిది పాయింట్ తొమ్మిదికి ఆ యోగం ఎక్కడిది?

దీనికంటే ప్రమాదకరమైన మాట ‘పవర్ బోటు’. 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో ఎఫ్1 పవర్ బోటు పోటీలు జరిగినప్పుడు మా ట్రైనీ ఒకడు ‘విద్యుత్ పడవల పోటీ’ అని తర్జుమా చేశాడు. వాడి తప్పేముంది, మనకి పవర్ అంటే కరెంటే, పోతే జనరేటర్ వెతుక్కుంటాం. ఇంగ్లిష్‌లో తెరచాప పడవ కానిది, ఇంజన్‌తో నడిచేది అని దాని మొదటి అర్థం. ఆ పోటీల బోట్లేమో గంటకి 200 కిలోమీటర్లు దాటి పోతాయి. పేజీ ప్రింటుకి వెళ్లకముందే పట్టుకున్నాం, బతికిపోయాం.

ఇంకో తమాషా. పాపికొండలకి తాపీగా, పాటలూ భోజనాలతో వెళ్లే లాంచీ ఉంది చూశారా, ఆ పేరు ఇంగ్లిష్ ‘లాంచ్’ నుంచి వచ్చింది. దానికి ముందు అది పోర్చుగీసు మాట, ఇంకా వెనక్కి వెళ్తే మలయ్ భాషలో వడిగలది అనే అర్థమున్న మాట అంటారు. వేగాన్ని పేరులో పెట్టుకుని మూడు భాషలు తిరిగొచ్చి, గోదావరిలో దిగేసరికి నెమ్మదించింది. స్పీడ్ బోటుకీ మన దగ్గర అదే గతి పడుతోందని నా అనుమానం. వెనక ఇంజన్ వేలాడుతుంటే చాలు, స్పీడ్ బోటే అనేస్తున్నారు.

మార్కులు వేయమంటే టికెట్ కౌంటర్ దగ్గర ఐదుకి ఐదు, వార్తలో రెండున్నర. ‘స్పీడ్ బోటు వేగంగా దూసుకెళ్లింది’ అని రాసేవాళ్ల వల్ల ఇంకో అర మార్కు కోత.

ఇప్పుడు మత్స్యకారులది ఫైబర్ బోటు లేదా ఇంజన్ బోటు అనే రాస్తున్నాను, వాళ్లూ అలాగే అంటారు. నేవీ డే విన్యాసాల్లో ఆర్కే బీచ్‌కి దూసుకొచ్చే రబ్బరు బోట్లని చూసినవాళ్లు జెమినీలంటారు. కొత్తవాళ్లు వాటిని స్పీడ్ బోట్లని రాస్తే కొట్టెయ్యను, అవి నీటి మీద జారేవే. వేటకెళ్లిన బోటుకి ఏదైనా అయిందని రాత్రి కాపీ వస్తే మాత్రం, హెడ్డింగు పెట్టకముందు జెట్టీలో తెలిసినవాళ్లకి ఫోన్ కొడతాను. “ఇంజన్ ఎంతది?” అని.