గర్భిణికి ఇంట్లో బీపీ మెషిన్ కొనొచ్చా? మేం వాడి చూసిన సంగతులు

ఏడో నెలలో మా చెల్లి బీపీ 140/90 దాటింది. ఇంట్లో కూడా చూసుకుంటూ, రాసిపెట్టి తీసుకురమ్మన్నారు డాక్టరమ్మ. అందుకు కొన్న డిజిటల్ బీపీ మెషిన్ మీద రివ్యూ ఇది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఈ రకం మెషిన్లు చాలావాటిలో ఉన్నదే. ధర రెండు వేల చిల్లర. తెలుసుకుని వాడేవాళ్ళు కొనుక్కోవచ్చు, స్క్రీన్ పక్కన గ్రీన్ గీత చూసి నిశ్చింతగా పడుకునేవాళ్ళు మాత్రం వద్దు.

కోఠిలో సర్జికల్ షాపుకి వెళ్ళాం. కుర్రాడు ముందు మణికట్టుకి కట్టే బుల్లిది తీసి "ఇదే బాగా పోతోంది మేడమ్, ఏదైనా ఒకటే" అన్నాడు. ఒకటి కాదు. మణికట్టు గుండె ఎత్తుకి కాస్త అటూ ఇటూ అయినా నంబర్ మారిపోతుంది, జబ్బకి కట్టేదే తీసుకోండి. డబ్బాలో వచ్చే కఫ్ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. చెల్లి జబ్బ చుట్టుకొలత 34. చిన్న కఫ్‌ని బలవంతంగా చుడితే లేని బీపీ కూడా కనిపిస్తుంది, ఆ నంబర్ చూసి వచ్చే టెన్షన్ వేరే. అందుకని 42 దాకా సరిపోయే కఫ్ విడిగా కొనాల్సి వచ్చింది. వెళ్ళేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి, షాపులో ఎవరూ కొలవరు.

అసలు విషయం ఇక్కడుంది. మామూలు మనుషుల మీద పరీక్షించి బాగుందన్న మెషిన్ గర్భిణికి కూడా సరిగ్గా చూపిస్తుందని గ్యారంటీ లేదు. ప్రీఎక్లాంప్సియా (గర్భంతో ఉండగా బీపీ పెరిగి కిడ్నీలు, లివర్ లాంటివి దెబ్బతినే జబ్బు, ముదిరితే ఫిట్స్ వస్తాయి) వచ్చినవాళ్ళలో ఆటోమేటిక్ మెషిన్లు చాలావరకు అసలు కన్నా తక్కువ చూపించే ప్రమాదం ఉంది, అందుకే గర్భిణుల మీద విడిగా పరీక్షించిన మోడళ్ళ జాబితాలు ఉంటాయి, స్ట్రైడ్ బీపీ అనే సంస్థ సైట్‌లో వెతుక్కోవచ్చు. మన షాపుల్లో ఈ మాట అడిగితే మొహం చూస్తారు. మేం కొన్నది ఆ జాబితాలో లేదు, కాబట్టి చెకప్‌కి వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళి డాక్టరమ్మ పాదరసం మెషిన్ పక్కన పెట్టి చూశాం. మాది కాస్త తక్కువే చూపిస్తోంది. ఆవిడ ఆ తేడాని పుస్తకంలో రాసుకుని, "ఇంట్లో 135 వచ్చినా నాకు ఫోన్ చెయ్యమ్మా" అన్నారు. డబ్బులు పెట్టి కొన్నదానికి నిజమైన విలువ ఆ రోజు వచ్చింది.

స్క్రీన్ పక్కన రంగుల గీత అందరి కోసం పెట్టింది, గర్భిణి కోసం కాదు, దాన్ని పట్టించుకోకండి. గర్భిణికి గుర్తుంచుకోవాల్సినవి రెండే నంబర్లు, 140/90 చేరితే డాక్టర్‌కి చెప్పాలి, 160/110 చేరితే వెంటనే ఆసుపత్రికి, అది అర్ధరాత్రయినా సరే. (లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ళు క్రేడిల్ అని ఒక మెషిన్ చేశారు, దానిలో ట్రాఫిక్ లైట్లలా వెలిగే రంగులు గర్భిణుల కోసమే లెక్కగట్టి పెట్టినవి. కర్ణాటకలోని గోకాక్‌లో కూడా పరీక్షించారు. అలాంటిది మన మెడికల్ షాపుల్లో ఎందుకు పెట్టరో!)

మెషిన్ కొన్నాక ఇంట్లో అందరూ డాక్టర్లైపోతారు, ఇది డబ్బా మీద రాయని సైడ్ ఎఫెక్ట్. నంబర్ ఎక్కువ రాగానే పక్కింటి ఆంటీ "మీ నాన్నగారు వేసుకునే బీపీ బిళ్ళ సగం ఇవ్వండమ్మా" అంది. నాన్న వేసుకునేది టెల్మిసార్టన్. గర్భిణికి ఇవ్వకూడని మందుల్లో అదొకటి, బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివీ అంతే. అమ్మేమో కాళ్ళకి నీరు పట్టింది కాబట్టి ఉప్పు మాన్పించాలంది, ఉప్పు మానేస్తే ఈ జబ్బు ఆగదని డాక్టరమ్మ చెప్పాక గానీ చప్పిడి పప్పు ఆగలేదు.

అప్పుడు కూర్చుని వైద్యం గురించి కాస్త చదివాను. గర్భిణికి ఇచ్చే మాత్రలు ముఖ్యంగా మూడు: లాబెటలాల్, నిఫెడిపిన్, పాతకాలపు మిథైల్‌డోపా. ఈ మూడింటినీ పోల్చిన మంచి అధ్యయనం ఎక్కడో అమెరికాలో కాదు, మన నాగపూర్‌లో రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగింది. బీపీ ప్రమాదకరంగా పెరిగిన 894 మందికి ఇంజెక్షన్లు లేకుండా నోటి మాత్రలే ఇచ్చి చూశారు. ఆరు గంటల్లో నిఫెడిపిన్‌తో 84 శాతం, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76 శాతం మందికి అదుపులోకి వచ్చింది. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఖరీదైన సదుపాయం లేని చోట కూడా పని జరుగుతుందన్నమాట, నాకు బాగా నచ్చిన పరిశోధన ఇదే.

ఆస్పిరిన్ గురించి కూడా అడుగుతారు. రిస్క్ ఎక్కువున్నవాళ్ళకి 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి రాత్రి పూట 150 మిల్లీగ్రాములు ఇస్తే, నెలలు నిండకముందు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గిందని 2017లో ఆస్ప్రే అధ్యయనం తేల్చింది. కానీ అది ముందు జాగ్రత్త మందు, మా చెల్లిలా ఏడో నెలలో బీపీ వచ్చాక మొదలుపెట్టి లాభం లేదు. పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే ఫిట్స్ రాకుండా ఇచ్చేది మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్, పదివేల మందికి పైగా పాల్గొన్న మాగ్‌పై అధ్యయనంలో 2002లోనే ఆ ముప్పు సగానికి పైగా తగ్గినట్టు తేలింది, అది ఆసుపత్రిలోనే ఇవ్వాలి. కొత్తవాటిలో షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మీద దక్షిణాఫ్రికాలో 180 మందితో చేసిన పరిశోధన ఆశ పెట్టింది. కాన్పు వారం పైచిలుకు ఆలస్యమైనట్టు, అంటే బిడ్డకి కడుపులో ఇంకొన్ని రోజులు దొరికినట్టు కనిపించింది, కానీ గట్టిగా చెప్పడానికి ఆ లెక్క చాలదు. ఇప్పటికి అసలు విరుగుడు కాన్పే. మిగతావన్నీ అంతవరకు నెట్టుకురావడానికి.

మరి ఇంట్లో చూసుకుంటే ఏమైనా ముందే తెలుస్తుందా? ఇంగ్లండ్‌లో 2400 మందికి పైగా రిస్క్ ఉన్న గర్భిణులతో చేసిన బంప్ అధ్యయనం ఫలితం 2022లో వచ్చింది. ఇంట్లో చూసుకున్నవాళ్ళకి బీపీ జబ్బు చెప్పుకోదగ్గంత ముందుగా బయటపడలేదట. ఇది తెలిసీ నేను కొనమనే అంటున్నా. ఓపీలో రెండు గంటలు లైన్లో నిలబడి, మెట్లెక్కి, ఆయాసంతో కూర్చున్నప్పుడు వచ్చే నంబర్‌కీ, ఇంట్లో ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేలకి పెట్టి, మాట్లాడకుండా కూర్చుంటే వచ్చే నంబర్‌కీ తేడా మా ఇంట్లోనే చూశాం. పైగా చెకప్‌కీ చెకప్‌కీ మధ్య రోజులు ఖాళీగా పోవు. కొనలేనివాళ్ళు బాధపడక్కర్లేదు, ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో పీఎంఎస్ఎంఏ (ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్) కింద ఉచితంగా చూస్తారు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళ ముందు మెరుపులు వచ్చినా, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి పుట్టినా మెషిన్ 120 చూపించిందని ఆగకండి.

కాన్పయ్యాక అటక మీద పెట్టేయకండి. బీపీ కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు రోజుల మధ్య మళ్ళీ పెరుగుతుంది, అప్పటికి చాలామంది డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చేసి ఉంటారు, వచ్చేవాళ్ళంతా బిడ్డని చూస్తారు గానీ తల్లి చేతికి కఫ్ కట్టేవాళ్ళుండరు. మాకు ఎక్కువ పనికొచ్చింది ఆ వారంలోనే.

ఐదుకి మూడు నక్షత్రాలు. పెద్ద కఫ్, అడాప్టర్ రెండూ విడిగా కొనిపించినందుకు ఒకటి కోత, గర్భిణులకి పరీక్షించారో లేదో డబ్బా మీద ఒక్క ముక్క కూడా రాయనందుకు ఇంకొకటి.