మూడేళ్లు వాడిన మందు దోమతెర: మన్యం ఇంటి నుంచి ఒక సమీక్ష

పాడేరు దగ్గర గెడ్డ (కొండవాగు) ఒడ్డున ఉన్న మా ఇంటికి 2022 వానాకాలం ముందు రెండు మందు దోమతెరలు కొన్నాము. మామూలు తెర కన్నా వీటి ధర దాదాపు రెట్టింపు. అంతకుముందు ఏడాది మా పెద్దబ్బాయికి ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం మలేరియా వచ్చి చాలా నీరసించిపోయాడు కనుక ధర గురించి నేను ఎక్కువగా ఆలోచించలేదు. మూడేళ్ల వాడకం ముగిసిన తరువాత, తయారీ సంస్థ పేరు చెప్పకుండా, ఇటువంటి తెర కొనాలనుకునే వారికి ఉపయోగపడుతుందని ఈ వివరాలు రాస్తున్నాను.

ఈ తెరకు మందును పైన చల్లరు; ఫ్యాక్టరీలోనే దోమలను చంపే మందు డెల్టామెత్రిన్‌ను పాలియెస్టర్ దారానికి పట్టిస్తారు. మా తెర కవరు మీద చదరపు మీటరుకు 55 మిల్లీగ్రాముల మందు, చదరపు అంగుళానికి 156 రంధ్రాలు అని ఉంది. మామూలు తెర దోమను బయట ఆపుతుంది, అంతే. చిన్న చిరుగు దొరికినా అది లోపలికి వచ్చేస్తుంది. మందు తెర మీద వాలిన దోమకు మాత్రం కాళ్ల ద్వారా మందు అంటుకుని, అది చచ్చిపోతుంది లేదా కుట్టే శక్తి కోల్పోతుంది. మా మంచం మేకు గీరుకుని మూలన పడిన చిరుగును నేను నెల రోజుల తరువాత గాని కుట్టలేదు. ఆ నెలలో తెర లోపల ఒక్క దోమ కూడా కనిపించకపోవడంతో నాకు దీని మీద నమ్మకం కుదిరింది.

మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ రాత్రివేళ కుడుతుంది. దానిలో ఫ్లూవియాటిలిస్ అనే రకం మెల్లగా పారే గెడ్డల అంచున గడ్డి మధ్య నీటిలో గుడ్లు పెడుతుంది కనుక, నీరు నిలవకుండా ఇంటి చుట్టూ ఎంత శుభ్రం చేసుకున్నా మా వంటి ఊళ్లలో పడక మీద తెర తప్పనిసరి. డెంగీని మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. మధ్యాహ్నం నిద్రపోయే పసిపిల్లలకు తప్ప దాని విషయంలో తెర వల్ల ప్రయోజనం తక్కువ. గడ్డిలోని సన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌కు ఇది అసలు సంబంధించినది కాదు.

నాకు కష్టం కలిగించిన మొదటి విషయం సూచనలన్నీ సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఉండటం. కవరు విప్పిన సాయంత్రమే తెర కట్టాము. ఆ రాత్రి చిన్నవాడు తుమ్ముతూనే ఉన్నాడు, ముఖం చురచురలాడుతోందన్నాడు. వాడే ముందు ఒక రోజు నీడలో ఆరబెట్టాలని మరునాడు చదివి తెలుసుకున్నాను. అమ్మిన దుకాణదారు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే పిల్లవాడికి ఆ బాధ తప్పేది. రెండవ లోపం పొడవు. 190 సెంటీమీటర్ల తెరలో మా వారి పాదాలు చివరను తాకుతాయి, తెరకు ఆనిన చర్మాన్ని దోమ బయటి నుంచే కుట్టగలదు. మొదటి ఏడాది ఆయన పాదాల మీద కనిపించిన దద్దుర్లకు కారణం అదేనని తరువాత అర్థమయింది. నాలుగు మూలలకే తాళ్లు ఉండటం వల్ల నడుమ వేలాడుతుంది కూడా. రెండు పక్కలా గుడ్డ ఉంగరాలు నేనే కుట్టుకున్నాను.

"ఉక్కపోతమ్మా, అందులో ఊపిరాడదు" అని మా అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. వేసవిలో ఉక్క నిజమే. ఆమె మంచాన్ని అరుగు మీదకు మార్చి, నాలుగు కర్రలు పాతి, అక్కడే తెర కట్టిన తరువాత ఆమె ఇంకెప్పుడూ కాదనలేదు.

ఈ తెర ఎన్నాళ్లు పనిచేస్తుందో ఉతకడాన్ని బట్టి ఉంటుంది. ఇరవై ఉతుకుల వరకు, వాడకంలో మూడేళ్ల వరకు మందు నిలవాలన్నది ప్రమాణం. మూడు నెలలకొకసారి, చన్నీళ్లలో, మామూలు సబ్బుతో, చేత్తో మెల్లగా ఉతికి నీడలో ఆరవేశాను. ఎండకు డెల్టామెత్రిన్ పాడవుతుంది. గెడ్డలో మాత్రం ఎన్నడూ ఉతకకూడదు, ఆ మందు చేపలను చంపుతుంది. లెక్క తప్పకుండా ప్రతి ఉతుకుకూ తలుపు వెనుక పెన్సిల్‌తో ఒక గీత గీశాను. పన్నెండు గీతలయ్యేసరికి తెర మీద బతికిన దోమలు తాపీగా కూర్చోవడం చూసి మార్చాలని నిర్ణయించాను.

డెల్టామెత్రిన్ వర్గమైన పైరెత్రాయిడ్ మందులకు దోమలు లొంగకపోవడం పెరుగుతున్నందున, క్లోర్‌ఫెనాపిర్ అనే మరో మందు కూడా కలిపిన తెరలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసింది. మా సంతలోను, పాడేరు దుకాణాల్లోను అడిగినా అవి నాకు దొరకలేదు. అందుచేత పాత రకమే, పొడవు ఎక్కువున్నది చూసి మళ్లీ కొన్నాను. ఈ మూడేళ్లలో మా ఇంట్లో ఎవరికీ మలేరియా రాలేదు. అయినా జ్వరం వచ్చిన ప్రతిసారీ అదే రోజు ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించాము, ఇకముందూ చేయిస్తాము. కొత్త తెరను ఒక రోజంతా నీడలో ఆరవేసిన తరువాతనే పిల్లల మంచానికి కట్టాను. ఈసారి చిన్నవాడు తుమ్మలేదు.