బిళ్ళగన్నేరు పొడి కొనేముందు ఇది చదవండి

విజయనగరంలో ఉంటున్న మా పిన్నికి రొమ్ము క్యాన్సర్. కీమో కోసం విశాఖ తీసుకెళ్తున్నాం. రెండో కీమో అయ్యాక, మా ఊళ్ళో మూలికలు అమ్మే ఒకతని దగ్గర బిళ్ళగన్నేరు ఆకు పొడి కొన్నాను. చిన్న ప్యాకెట్టు 1,200 రూపాయలు.

అతను ఫోన్‌లో ఒక గ్రాఫ్ చూపించాడు. ఆకు సారం డోసు పెంచేకొద్దీ క్యాన్సర్ కణాలు చచ్చిపోతున్నాయట. "కీమో మందు ఈ ఆకులోంచే తీస్తారు బాబూ, ఇది అసలు సరుకు" అన్నాడు. కొన్ని కీమో మందులు ఈ ఆకులోంచి తీస్తారన్న మాట నిజమే, నేను పడిపోయింది అక్కడే.

వారం తిరగకుండా పిన్నికి వాంతులు, మలబద్ధకం. రక్త పరీక్షలో తెల్లకణాలు బాగా తగ్గాయి. మూడో కీమో వాయిదా పడింది. ఇది కీమో వల్లో పొడి వల్లో తేల్చి చెప్పలేమన్నారు డాక్టరు గారు. పొడి మాత్రం వెంటనే ఆపించారు.

ఆయన చెప్పింది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఈ మొక్కలోంచి తీసే విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఒక గ్రాము రావాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. దాన్ని శుద్ధి చేసి, మనిషి ఒంటి కొలతను బట్టి లెక్కకట్టి, మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటకుండా, రక్తనాళంలోకే ఎక్కిస్తారు. డోసు పెరిగితే చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. గ్రాఫ్‌లో ఉన్నది గాజు గిన్నెలో కణాల మీద నేరుగా పోసిన సారం. చెంచాడు పొడి మింగితే ఏది ఎంత రక్తంలోకి చేరుతుందో ఎవరు కొలిచారు? పైగా ఆ ఆకులో ఇంకా పదుల కొద్దీ ఆల్కలాయిడ్లు (ఒంటి మీద మందులా పనిచేసే మొక్క రసాయనాలు) ఉంటాయి. కొన్ని షుగర్ తగ్గిస్తాయి కూడా. మా పిన్ని షుగర్ మాత్రలు వేసుకుంటుంది.

ఇంటికొచ్చి ప్యాకెట్టు తిప్పి చూశాను. లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు. కొనేటప్పుడే చూడాల్సింది. వెనక్కి ఇవ్వబోతే "మందు పనిచేస్తోంది కాబట్టే అలా ఉంది, ఇంకో చెంచా పెంచండి" అన్నాడు. నాకు బాగా కోపం వచ్చింది ఈ మాటకే. డబ్బులు తిరిగి ఇవ్వలేదు అతను.

క్యాన్సర్ నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఇలా మోసపోయినవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఇంట్లో ఇప్పటికే ఏ పొడైనా, కషాయమైనా వాడుతుంటే దాచకండి. ప్యాకెట్టుతో సహా డాక్టరుకి చూపించండి. మేము మూడు వారాలు ఆలస్యంగా చూపించాం.